పీతల తిప్పకు కట్టిన వేపమండ

ఒకే ఒక్క వేపమండ ఊపి పదకొండు బండ్లను, ఇరవైరెండు ఎడ్లను, రెండు గుర్రాలను, ఒక దొరను, దొరసానిని, దొరసాని స్నానం చేసే రేకు తొట్టెను వచ్చిన దారి పట్టించిన మొనగాడు ఈ భూమండలం మీద ఒక్కడే పుట్టాడు. వాడి పేరు వరహాలు. బారువ నుంచి భావనపాడు దాకా ఏ రేవులో అడిగినా ఇదే చెబుతారు. ఆ మండ విసురుకి సముద్రం కూడా బెత్తెడు వెనక్కి జరిగిందనీ, జరిగిన చోట గవ్వలు ఇప్పటికీ ఎండలో ఎండుతున్నాయనీ కొందరు కలుపుతారు. బెత్తెడు కాదు మూరెడు అనేవాళ్ళూ ఉన్నారు. సముద్రం వచ్చి సాక్ష్యం చెప్పదు కాబట్టి ఎవరి కొలత వాళ్ళది.

పలాస మీదుగా రైలు నడవడం మొదలై పదో పన్నెండో ఏళ్ళయిన రోజులవి. వరహాలు ఎండుచేపల కావడి మోసేవాడు. ఒక బుట్టలో సావళ్ళు, ఇంకో బుట్టలో నెత్తళ్ళు. బారువలో భుజానికెత్తుకుని, ఉద్దానం కొబ్బరితోటల నీడన ఊరూరా దించుకుంటూ, సంతబొమ్మాళి సంత దాకా నడిచేవాడు. అతను వస్తున్నట్టు అతని కంటే ముందు వాసన కబురు తెచ్చేది. పిల్లులు పొలిమేర దాకా ఎదురొచ్చి, మళ్ళీ పొలిమేర దాకా సాగనంపేవి.

ఇక అతని నాలుక సంగతి. కళ్ళకు గంతలు కట్టి ముంతెడు నీళ్ళు తాగిస్తే, "ఇది ఫలానా ఊరి నుయ్యి, పడమటి గట్టున తోడింది, తోడినది కొత్త కోడలు" అని చెప్పేసేవాడట. కొత్త కోడలని నాలుకకు ఎలా తెలుస్తుందయ్యా అంటే, "సేద అడుగంటా దించేసింది. నాచు రుచి తగల్లేదేటి?" అనేవాడట. ఇందులో సగం అబద్ధమనుకున్నా మిగిలిన సగం చాలు. ఇసక దారిలో ఏ చెలమ తియ్యన, ఏ నుయ్యి చప్పన, ఎక్కడ బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది, ఎక్కడ కొబ్బరి మట్టలు పరిస్తే గట్టెక్కుతుంది, అన్నీ అతనికి కంఠతా వచ్చు. పైగా ఏ ఊళ్ళో పెళ్ళి, ఏ ఊళ్ళో చావు, ఎక్కడ జ్వరాలు అన్నది అతను చెబితేనే తీరానికి తెలిసేది. తూకం దగ్గర అతన్ని అనుమానించని ఆడది లేదు. మాట దగ్గర అనుమానించిన మనిషీ లేడు.

ఆ పేరు వెళ్ళి వెళ్ళి టెక్కలిలో నరహరి చెవిన పడింది. నరహరి ఒక ఎస్టేటు కచేరీలో గుమాస్తా. ఎస్టేటువారికి అతిథిగా ఒక దొర వస్తున్నాడు. ఆ దొరకు సముద్రతీరం, ఏటి నోళ్ళలో ఉన్న తిప్పలు బండ్ల మీద తిరిగి చూడాలని మనసైంది. చూడాల్సిన చోట్ల పట్టీ ముందే రాసి పంపాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తాగాలో తేల్చే పని నరహరి నెత్తిన పడింది. జన్మలో టెక్కలి దాటి ఇసక తొక్కని మనిషి ఆయన. శివరాత్రి ఇంకా వారం ఉందనగా ఒక పొద్దున వరహాలును పిలిపించి కచేరీ అరుగు మీద కాగితం పరిచాడు.

"నువ్వు చెప్పు, నేను రాస్తాను. బండ్లు ఎక్కడ విప్పాలి, నీళ్ళెక్కడ, గడ్డెక్కడ. మొత్తం పదకొండు బండ్లు."

"పదకొండా! పెల్లోరేటి బాబూ?"

"పెళ్ళివారే నయంరా. పందిట్లో పడి నిద్రపోతారు. వీళ్ళకు గుడారాలు, మంచాలు, కుర్చీలు, కోళ్ళకొక బండి. రేకు తొట్టెకొక బండి."

"తొట్టేల?"

"దొరసానిగారి స్నానానికి."

"సముద్రం పక్కనెట్టుకుని తొట్టేల బాబూ?"

"ఆ ముక్క నేను అడిగుంటే ఈపాటికి నీ వెనక కావడి మోస్తుండేవాణ్ణి. చెప్పు."

వరహాలు చెప్పాడు. చెబుతూ చెబుతూ ఉబ్బిపోయాడు. అంతవరకూ కాళ్ళతో రాసుకున్న దారిని ఒక పంతులు సిరాతో రాసుకుంటున్నాడు మరి! మొదటి మజిలీలో తోటలోని నుయ్యి, రెండో మజిలీలో చెరువు, గుర్రాలకు విడిగా తీపి గడ్డి దొరికే పల్లం, మూడో మజిలీకి కోసు దూరం ముందే మట్టలు పరిపించాలన్న జాగ్రత్త. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మూడు మజిలీలు కాగితం ఎక్కాయి.

"నాలుగోది పీతల తిప్ప. రెండు రోజులు" అని చదివాడు నరహరి.

వరహాలు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

పీతల తిప్ప ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట లేచిన ఇసక దిబ్బ. ఇరవై గుడిసెలు, చుట్టూ మొగలి పొదలు. పాటు తీసినప్పుడు ఏరు మోకాలి లోతు, బండ్లు నడిచిపోతాయి. పోటు వచ్చిందంటే తెప్ప ఉండాల్సిందే. ఇవతలి గట్టున అంతా ఉప్పు పర్ర, తాగడానికి చుక్క దొరకదు. తిప్ప మీద మాత్రం ఒకే ఒక్క చెలమ ఉంది. మూరెడు లోతు గుంట. కింద ఉప్పునీరు, దాని మీద వానలకు ఇంకిన తియ్యనీరు పాల మీద మీగడలా తేలుతూ ఉంటుంది. మీగడ తీసినట్టే కొబ్బరిచిప్పతో తీసుకోవాలి. ఆశపడి బానతో తోడితే కింద ఉన్న ఉప్పు పైకి లేస్తుంది. ఒకసారి లేచిందా, తొలకరి దాకా దిగదు.

ఆ తిప్ప మీదే వరహాలు కూతుర్ని ఇచ్చాడు. ఒక్కతే కూతురు, రత్నాలమ్మ. తల్లి లేని పిల్ల. తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకుందామంటే చేసే ఆడదిక్కు లేక అత్తింటనే ఉంచాడు. ఎనిమిదో నెల నడుస్తోంది.

"బాబూ, ఆ తిప్ప కొట్టెయ్యండి. అక్కడ నీల్లు నేవు."

"నీళ్ళు లేకుండా ఊరెలా ఉందిరా?"

"ఊరికి సాలినన్ని ఉన్నాయి. ఎడ్లకి సాలవు. గుర్రాలకి సాలవు. ఆ తొట్టొక్కటి నింపితే ఊరు ఊరంతా నాలుక ఎల్లబెట్టాల."

"పదిమంది కూలీలను పెట్టి పెద్దగా తవ్విస్తాను."

"తవ్వితే ఉప్పు లెగుస్తాది బాబూ! నా కూతురు గుంట ఉందక్కడ. నిండు సూలాలు."

నరహరి కలం పక్కన పెట్టాడు. చెడ్డవాడేం కాదు. ఐదుగురు పిల్లల తండ్రి, పై అధికారి దగ్గితే తనకు జ్వరం వచ్చే రకం. "ఒరే, ఆ తిప్ప పేరు కింద దొరసాని స్వహస్తాలతో గీత గీసింది. గవ్వలకూ పిట్టలకూ బొమ్మలు వేసుకుంటుందట. ఊళ్ళో అంటుజబ్బు ఉందంటే తప్ప ఆ మజిలీ కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఉందా మరి?"

వరహాలు నేల చూపులు చూశాడు. "ఎల్లి సూసొచ్చి సెప్తాను" అన్నాడు.

టెక్కలి నుంచి తిప్ప దాకా ఆ రోజు అతను నడిచిన నడక ముందు రైలు కూడా కుంటిదేనంటారు. సాయంత్రం పాటులో ఏరు దాటి గుడిసెల మధ్య కూలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గుమ్మాలకు వేపమండలు కడితే అమ్మవారు పోసిందని అర్థం. మశూచి ఉన్న ఊళ్ళోకి దొర కాదు, దొరను పుట్టించినవాడు కూడా అడుగు పెట్టడు.

తిప్పకు పెద్దదిక్కు బొడ్డమ్మ. అమ్మవారికి పసుపు నీళ్ళు పోసే చెయ్యి ఆమెది. విని తల అడ్డంగా ఊపింది.

"ఆయమ్మ పేరు ఉత్తుత్తినే తియ్యకూడదురా తమ్ముడా. పిలిత్తే వత్తాది."

"పిలవడం నేదప్పా. వొట్టి ఆకులు."

"ఆకులు నీకు వొట్టివి."

వరహాలు అల్లుడు అప్పన్న వలను పక్కకు తోసి ముందుకొచ్చాడు. "సెలమ పోతే ఏటి తాగుతాం బొడ్డమ్మప్పా? రెండు కోసులు కుండలు మొయ్యాల. ఇది మోస్తాదా?" అని పెళ్ళాం కేసి చెయ్యి చూపించాడు.

రత్నాలమ్మ గుంజకు ఆనుకుని నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతోంది. "అయ్యా, సేపలమ్ముకోడం మానేసి అబద్దాలు మోత్తన్నావేటి? ఏ సంతలో దించుతావు?"

"నీ కోసమేనే. నోర్ముయ్."

"తూకం సరిగ్గా ఎయ్యి. జనం ముందే నిన్ను నమ్మరు."

అందరూ నవ్వారు. బొడ్డమ్మ నవ్వలేదు. చివరికి ఊరి నీటికోసం ఒప్పుకుంది, కానీ ఒక కట్టడి పెట్టింది. "కడితే ఆయమ్మ నిజంగా వచ్చినట్టే సెయ్యాల. తొమ్మిది రోజులు. లోపలోలు బయటికి, బయటోలు లోపలికి కాలు పెట్టకూడదు. పోపు పెట్టకూడదు. తొమ్మిదో నాడు సాగనంపినాకే విప్పాల. నడుమలో విప్పమంటే నాను విప్పను. ఇప్పుడే సెప్తన్నాను."

తొమ్మిది రోజులెంత! కాన్పుకు ఇంకా నెల ఉంది. వరహాలు సరేనన్నాడు.

ఆ ఉప్పు ఇసకలో వేపచెట్టు మొలవదు. చేపల బుట్టలు దించేసి, గట్టు మీది ఊళ్ళ నుంచి రెండు మోపుల వేపమండలు కావడిలో వేసుకుని తనే మోసుకెళ్ళాడు. ఇరవై గుడిసెలకూ కట్టించాడు. ఆకులకు నెత్తళ్ళ వాసన పట్టిందని పిల్లలు ముక్కులు మూసుకున్నారు. కట్టాక తను ఇవతలి గట్టుకు వచ్చేశాడు. ఇక తొమ్మిది రోజులూ అతనూ బయటివాడే.

నరహరి కబురు వినగానే పీతల తిప్ప మీద ఎర్రసిరాతో అడ్డగీత కొట్టాడు. కొట్టి, "చుట్టుపట్ల ఊళ్ళకు నువ్వే చాటు. నీ నోటికి నమ్మకం ఉంది" అన్నాడు. వరహాలు ఒక డప్పు ఎరువు తెచ్చుకున్నాడు. ఆ గొంతుకు కొబ్బరికాయలు రాలాయంటారు, అది మాత్రం అబద్ధం. తాటికాయలు రాలి ఉంటాయి. "తిప్ప మీద అమ్మోరు నిలిసినాది! ఎవులూ ఏరు దాటకండి!" అని నాలుగు ఊళ్ళు చాటాడు. చాటుతున్నకొద్దీ కథ పెరిగింది. మొదటి ఊళ్ళో ఒక్క పిల్లకు పోసింది. నాలుగో ఊరికి వచ్చేసరికి ముగ్గురికి పోసి, ఒకరికి కళ్ళు మూసుకుపోయాయి.

ఆ నాలుగో ఊళ్ళోనే మంత్రసాని మంగమ్మ ఉంది. గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "నీ గుంటకెలాగుందిరా వరాలూ?" అని అడిగింది.

"బాగానే ఉందొదినా" అని డప్పు గట్టిగా కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

శివరాత్రి మర్నాడు బండ్లు వచ్చాయి. తిప్ప దారి చీలే చోట మొగలి పొద వెనక దాక్కుని వరహాలు లెక్కపెట్టాడు. ఏడో బండిలో రేకు తొట్టె ఎండకు తళతళమంటూ, రెండో సూర్యుణ్ణి మోసుకొస్తున్నట్టుంది. నరహరి దిగి దూరాన గుడిసెల మీది పచ్చటి ఆకులు చూపించాడు. దొర టోపీ తీసి చూసి తల ఊపాడు. దొరసాని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. బండ్లు ఒక్కొక్కటే మెడలు తిప్పుకుని ఉత్తరంగా బారువ దారి పట్టాయి. సముద్రం వెనక్కి జరిగింది ఇక్కడేనంటారు. జరిగినా జరక్కపోయినా, పొద వెనక ఆ నిమిషాన వరహాలు మాత్రం మూరెడు పొడుగు పెరిగాడు. చెలమ దక్కింది. కూతురు దక్కింది.

ఇంక నాలుగు రోజులు గడిస్తే మండలు విప్పుతారు.

శివరాత్రి వెళ్ళిన మూడో నాటి పొద్దున్నే అవతలి గట్టు నుంచి కేక వినబడింది. అప్పన్న నడుము లోతు నీళ్ళలోకి దిగి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"మావోయ్! నొప్పులు! రత్నాలుకి నొప్పులొచ్చీసినాయి!"

నెల ముందే. వరహాలు కావడి అక్కడే పారేసి పరుగెత్తాడు. మంగమ్మ వాకిలి ఊడుస్తోంది. చేతిలోని చీపురు అలాగే ఉంచుకుని విన్నది.

"అమ్మోరున్న ఊరు గదరా."

"నేదొదినా! అమ్మోరూ నేదు, గిమ్మోరూ నేదు. ఆ మండలు నానే కట్టినాను. దొర బండ్లు రాకుండా కట్టినాను. అబద్దం, అంతా అబద్దం!"

మంగమ్మ అతని ముఖం కేసి జాలిగా చూసింది. "గుంట నొప్పులు పడతంటే ఏ తండ్రయినా ఇలగే అంటాడు. మొన్న నివ్వు సాటినప్పుడు నీకు నాతో పని నేదు. అప్పుడు సెప్పినదే నిజం."

"నా కళ్ళ మీద ఒట్టు!"

"ఒట్టెయ్యకురా. ఆయమ్మ ఇంటాది."

అయినా ఆమె రాతిగుండెది కాదు. చీపురు పడేసి అతని వెంట గట్టు దాకా వచ్చింది. వాళ్ళు వచ్చేసరికి పోటు ఎక్కుతోంది. ఏరు వెడల్పయి రెండు గట్లూ ఎడమయ్యాయి. అవతల గుడిసె గుడిసెకూ మండలు గాలికి ఊగుతున్నాయి. ఆరు రోజులయినా ఆకు వాడలేదు, బొడ్డమ్మ రోజూ పసుపు నీళ్ళు చల్లుతోంది కదా.

వరహాలు చేతులు బాకాలా పెట్టుకుని అరిచాడు. "బొడ్డమ్మప్పోయ్! ఈ మనిసికి సెప్పు! అమ్మోరు నేదని సెప్పు!"

బొడ్డమ్మ నీటి అంచు దాకా వచ్చింది. తెల్లటి జుట్టు విరబోసుకుని, నుదుట పసుపుతో నిలబడింది. గాలిలో ఆమె మాట సన్నగా, స్పష్టంగా వచ్చింది.

"ఆయమ్మ ఉంది. తొమ్మిదో నాడు ఎల్తాది."

మంగమ్మ అక్కడే ఇసకలో కూర్చుండిపోయింది. "మా ఊల్లో ఈ నెల్లోనే కాన్పులకి ముగ్గురున్నారురా వరాలూ. ఈ సేత్తోనే ఆల్ని ముట్టుకోవాల. నాను ఆ ఏరు దాటొస్తే నన్ను ఏ గుమ్మమైనా ఎక్కనిస్తాదా? ఎక్కినా ఆ గుంటలేటవుతారు?"

ఆమె మాటలో తప్పు లేదని వరహాలుకు తెలుసు. అదే అతన్ని చంపింది. తప్పుంటే తిట్టేవాడు, తలమీద ఎత్తుకునైనా అవతల పడేసేవాడు. రత్నాలమ్మనే ఇవతలికి తెద్దామంటే ఆమె తెప్ప ఎక్కే స్థితిలో లేదు.

అప్పుడు మొదలైంది ఆ కాన్పు. మంగమ్మ ఇవతల కూర్చుని చెప్పేది. వరహాలు డప్పు కొట్టినప్పటి గొంతుతో ఏటికి అడ్డంగా అరిచేవాడు. అవతల అప్పన్న విని గుడిసెలోకి పరుగెత్తేవాడు, మళ్ళీ వచ్చి లోపలి సంగతి అరిచేవాడు.

"ఎల్లకిలా పడుకోబెట్టొద్దని సెప్పు!"

"ఎల్లకిలా వొద్దోయ్! కూకోబెట్టండోయ్!"

"ఉమ్మనీరు పోయిందేటో అడుగు."

అడిగాడు. పోయిందట, తెల్లారకముందే. కన్నతండ్రి అడగకూడని మాటలు, వినకూడని మాటలు అన్నీ ఆ పూట నాలుగు ఊళ్ళకు వినబడేలా అరిచాడు. సగం మాటలు గాలి తినేసేది. అప్పన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏటీ? ఏటీ?" అనేవాడు. వరహాలు మళ్ళీ అరిచేవాడు.

ఎండ నడినెత్తికెక్కి, పోటు నిండుగా నిలిచిన వేళ అప్పన్న పరుగున వచ్చి నడుము లోతు నీళ్ళలోకి దిగాడు. "సెయ్యి కనపడతంది మావా!" అని కేకేశాడు.

మంగమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. "అడ్డం తిరిగినాది. సెయ్యి లోపలికి తోసి బిడ్డని తిప్పాల."

"ఎలగ తిప్పాలో సెప్పొదినా, సెప్పు, నాను అరుత్తాను!"

"సెప్తే వచ్చేది కాదురా. అది నా సేతికి తెలుసు. నోటికి తెలీదు."

వరహాలు ఆమె కాళ్ళ మీద పడ్డాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, ముందుకూ వెయ్యలేదు. కూర్చునే ఏడ్చింది. ఆ తర్వాత కూడా తనకు తోచింది చెబుతూనే ఉంది, అతను అరుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం తిరిగేసరికి అతని గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అవతల కూడా వినడానికి ఎవరూ రాలేదు.

పొద్దు వాలుతుండగా పాటు తీసింది. అప్పన్న బయటికి వచ్చి గుడిసె గోడకు చేరబడ్డాడు. ఇటు చూడలేదు. వరహాలు మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ దాటాడు. బయటివాడు లోపలికి వస్తుంటే బొడ్డమ్మ అడ్డు చెప్పలేదు, పక్కకు తప్పుకుంది.

బిడ్డ ఏడవనే లేదట. తల్లి ఆ తర్వాత కాసేపుండి పోయింది. అమ్మవారు నిలిచిన ఊళ్ళో చావు ఏడుపు ఏడవకూడదు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. అప్పన్న ఇసకను పిడికిళ్ళతో పిసికాడు. వరహాలుకు ఎలాగూ గొంతు లేదు.

కడగడానికి నీళ్ళు కావాలంటే తనే చెలమ దగ్గరకు వెళ్ళాడు. అలవాటున వేలు ముంచి నాలుకకు తగిలించుకున్నాడు. తియ్యగా ఉన్నాయి. కొబ్బరిచిప్పతో మెల్లగా, కింద కదలకుండా, కుండ నిండే దాకా తీశాడు. తల్లినీ బిడ్డనూ తిప్ప కొసన, మొగలి పొదల అవతల ఒకే గుంటలో పెట్టారు. తొమ్మిదో నాడు బొడ్డమ్మ అమ్మవారిని పద్ధతిగా సాగనంపి మండలు విప్పించింది. ఆ యేడు వేసవి మండిపోయింది. చుట్టుపక్కల నూతులన్నీ చౌడెక్కాయి. పీతల తిప్ప చెలమ మాత్రం తొలకరి దాకా తియ్యగానే ఉంది.

యాత్ర బాగా జరిగిందనీ, మజిలీలు చెప్పినవాణ్ణి దొర మెచ్చుకున్నాడనీ నరహరి కబురు పంపాడు. వరహాలు టెక్కలి వైపు మళ్ళీ వెళ్ళలేదు.

కావడి మాత్రం ఇంకో ముప్పై ఏళ్ళు మోశాడు. చేపలమ్మాడు గానీ ఊళ్ళ కబుర్లు మోయడం మానేశాడు. ఎవరైనా "ఏటి మావా, అటేపు సంగతులు?" అంటే, "సేపలు గావాలా, వొద్దా?" అనేవాడు. మంగమ్మ వాకిట మాత్రం బుట్ట దించేవాడు. ఆమె కొనేది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవాళ్ళు కాదు.

కబుర్లు అతన్ని వదిలినా తీరాన్ని వదల్లేదు. పదకొండు బండ్లు ఇరవై అయ్యాయి, రెండు గుర్రాలకు తోడు ఒక ఏనుగు పుట్టుకొచ్చింది, దొర మండను చూసి బండి కింద దూరాడు. ఒక సాయంత్రం బారువ ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు ఇదంతా చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పక్కనే బుట్టలు సర్దుకుంటున్న ముసలి వరహాలును పట్టుకుని, "మావా, మండ ఒక్కసారి ఊపినావా, రెండుసార్లా? నిజం సెప్పు" అని ఏడిపించారు.

వరహాలు బుట్ట మూత బిగించి, కావడి భుజానికెత్తుకున్నాక చెప్పాడు:

"దొరకి ఆ తోవ కాపోతే ఇంకో తోవ. ఆడు ఎల్లాల్సిన కాడికి ఎల్లినాడు. నా ఏపమండకి ఆగినది మంగమ్మొక్కతే."